టీచర్ల శిక్షణలో పాఠమేదీ?

టీచర్ల శిక్షణ తరగతుల్లో బోధనా పద్ధతులు, యాప్‌లు, ఫొటోల అప్‌లోడ్‌లే తప్ప పాఠంలోని విషయం మీద చర్చే ఉండటం లేదు. ఈ మధ్య విశాఖలో అలాంటి ఒక సమావేశం చూశాను. పొద్దుటి నుంచి గ్రూపులుగా కూర్చుని స్కెచ్ పెన్నులతో చార్టులు రాశారు, గోడకు అంటించారు, ఫొటో తీసి పైకి పంపారు. చార్టులు ముచ్చటగానే ఉన్నాయి గానీ, టెక్స్ట్‌బుక్ తెరిచినవాళ్లు లేరు. శాతవాహనుల పాఠం చెప్పాల్సిన ఒక యువ టీచర్‌ను కదిపితే, పక్కనే ఉన్న ప్రాచీన బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయన్న సంగతే ఆయనకు తెలియదు. ఎవరైనా చెబితే కదా! ఆ ఒక్క ముక్క తెలిస్తే సముద్ర వ్యాపారం, బౌద్ధ విహారాలకు వర్తకుల దానాలు, వాన నీటి కోసం కొండరాతిలో తొలిచిన తొట్లు ఒకదాని వెంట ఒకటి పాఠంలోకి వస్తాయి. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే ‘అది సిలబస్‌లో లేదు’ అని దాటవేయాల్సిన పని ఉండదు. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. అందులో సగం సబ్జెక్టుకే కేటాయించాలి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే ప్రతి స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, రాబోయే నెలలో చెప్పే ఒక్క పాఠాన్ని ముందే చదువుకొచ్చి లోతుగా చర్చించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర, భూగర్భశాస్త్ర అధ్యాపకులను వెంటబెట్టుకుని తొట్లకొండకు, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు పిల్లలకన్నా ముందు టీచర్లను తీసుకెళ్లాలి.

- ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, మధురవాడ, విశాఖపట్నం