ఎమర్జెన్సీ రద్దీకి జలుబు రోగులు కారణం కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఎమర్జెన్సీ విభాగాల్లో రద్దీ మాట వచ్చినప్పుడల్లా, జలుబుకీ తెగిన వేలికీ పరిగెత్తుకొచ్చే జనానిదే తప్పని తేల్చేస్తుంటారు. ఆ విభాగంలో పనిచేసేవాళ్లుగా మేం దీన్ని ఒప్పుకోలేం. డాక్టరుకు నేరుగా చూపించుకునే వీలు తగ్గిపోవడం వల్ల ఎమర్జెన్సీకి దెబ్బ తగులుతున్న మాట నిజమే. అది తగిలే దారి మాత్రం వేరు.

కెనడాలోని ఒంటారియో ఆసుపత్రుల రికార్డుల మీద 2007లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. ఎనిమిది గంటల వ్యవధిలో చిన్నాచితకా సమస్యలతో పదిమంది అదనంగా వస్తే, మిగతా రోగులు డాక్టరు దగ్గరకు చేరడానికి పట్టే సమయం సగటున 2.1 నిమిషాలు పెరిగిందట. అంతే. చిన్న సమస్యతో వచ్చినవాడికి మంచం అక్కర్లేదు, కుర్చీ చాలు. కట్టు కట్టించుకుని, మందుల చీటీ తీసుకుని వెళ్లిపోతాడు. అసలు చోటు ఆక్రమించేది, అడ్మిట్ చెయ్యాలని నిర్ణయమైపోయినా పై వార్డులో మంచం ఖాళీ కాక స్ట్రెచర్ మీదే ఉండిపోయిన రోగి. ఒక్కొక్కరికి రెండు గంటల చొప్పున వేసుకున్నా, పన్నెండు గంటలు ఇరుక్కున్న ఒక స్ట్రెచర్ మీద ఆరుగురిని చూసి పంపవచ్చు. ఆ స్ట్రెచర్ ఖాళీ కాకపోతే అంబులెన్సులో వచ్చినవారిని దించడానికి చోటుండదు. ఆ అంబులెన్సు వాకిట్లోనే ఆగిపోతుంది, ఇంకెక్కడో పిలుపు వచ్చినా కదల్లేదు. ఇంగ్లండ్ ఆసుపత్రుల లెక్కలతో 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం, అడ్మిట్ కావాల్సిన రోగులకు వచ్చిన దగ్గర్నుంచి 6 నుంచి 8 గంటలు దాటినా వార్డు మంచం దొరకకపోతే, అలాంటి ప్రతి 82 మందికీ 30 రోజుల్లో ఒక మరణం అదనంగా నమోదైంది.

అపాయింట్‌మెంట్ దొరకకపోవడానికీ దీనికీ సంబంధం ఇక్కడే ఉంది. మూత్రంలో మంటతో రెండో రోజు డాక్టరును కలిసిన మనిషి మాత్రలతో ఇంటికి పోతాడు. వారం తర్వాత చలిజ్వరంతో, పడిపోయిన బీపీతో వస్తే, కొన్ని రోజులపాటు ఒక మంచం అతనిదే. గుండె బలహీనంగా ఉన్న రోగికి మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. అప్పుడే కాళ్ల వాపు నొక్కి చూసి, ఊపిరితిత్తులు విని, నీరు పోయే మందు మోతాదు సరిచేస్తే తరచుగా అక్కడితో ఆగుతుంది. అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత అంటే, ఆ రోగి అర్ధరాత్రి ఊపిరాడక వస్తాడు. ఎమర్జెన్సీని నింపేది వీళ్లు, జలుబువాళ్లు కాదు. ఒకే కుటుంబ వైద్యుడి దగ్గర పదిహేనేళ్లకు పైగా ఉన్నవారిలో రాత్రీ సెలవు రోజుల వైద్యసేవల వాడకం, ఆసుపత్రి అడ్మిషన్లు, మరణాలు, ఏడాదిలోపు పరిచయం ఉన్నవారితో పోలిస్తే 25 నుంచి 30 శాతం తక్కువగా ఉన్నాయని నార్వే పరిశోధకులు చూపించారు. ఆ పాత పరిచయమే ఈ తగ్గుదలకు కారణమని అలాంటి అధ్యయనం రుజువు చెయ్యలేదు, కానీ మాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఇక ఫోన్ కన్సల్టేషన్. మేం దానికి వ్యతిరేకం కాదు. పాత మందులు మళ్లీ రాయడం, రిపోర్టు వివరించడం, ఇంట్లో చూసుకున్న బీపీ, షుగరు అంకెలు చర్చించడం ఫోన్‌లో భేషుగ్గా జరుగుతాయి. కొత్తగా వచ్చిన రోగానికే చిక్కు. కడుపునొప్పిలో కీలకం నొక్కినప్పుడు పొట్ట బిగుసుకుంటోందా, చెయ్యి తీసేటప్పుడు నొప్పి ఎక్కువవుతోందా అన్నది, అది మాటల్లో తెలియదు. పసిపిల్లల దగ్గులో ఊపిరి లెక్క పూర్తిగా ఒక నిమిషం చూడాలి: రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి అయిదేళ్లలోపు 40 చేరితే న్యుమోనియా అనుమానించాలి. కంగారులో ఉన్న తల్లి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఆ అంకె నమ్మలేం. కామెర్లు, రక్తహీనత ట్యూబులైటు కింద వీడియోలో దాదాపు పట్టుబడవు. వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు కూడా చల్లటి వేళ్ల మీద, గోళ్ల రంగు మీద తప్పు చూపిస్తుంది. ముదురు ఛాయ చర్మం మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే ప్రమాదం ఉందని 2020 నుంచి గట్టిగా చర్చ జరుగుతూనే ఉంది.

అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టేది పిల్లల్లో మొదటిసారి బయటపడే షుగరు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, బరువు తగ్గడం. ఫోన్‌లో ఇది మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌లా వినిపిస్తుంది, యాంటీబయాటిక్ రాసేస్తారు. ఎదురుగా ఉంటే వేలి చుక్క రక్తంతో కొన్ని సెకన్లలో తేలేది, రెండు మూడు రోజుల తర్వాత వాంతులతో, ఆయాసంతో ఐసీయూకి చేరుతుంది.

ఫోన్‌తో డాక్టర్ల భారం తగ్గుతుందన్న మాట కూడా అంత నిజం కాదు. ఇంగ్లండ్‌లో రోగులతో జరిపిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2014లో వచ్చాయి. అదే రోజు చూడమని అడిగినవారితో ముందు డాక్టరు ఫోన్‌లో మాట్లాడే పద్ధతిలో, 28 రోజుల్లో మొత్తం సంప్రదింపులు 33 శాతం పెరిగాయి. నర్సు మాట్లాడితే 48 శాతం. ఫోన్‌లో తేలనిది మళ్లీ ఎదురుగా చూడాల్సి వస్తుంది కదా.

అపాయింట్‌మెంట్ల నిర్వహణలోనే సగం తలనొప్పి ఉందని మా అభిప్రాయం. ఆ రోజు ఖాళీలన్నీ పొద్దున ఎనిమిదింటికి ఒక్కసారే విడుదల చేస్తే, అందరూ ఆ పది నిమిషాల్లోనే ఫోన్ చేస్తారు. లైను దొరికేది తీరికగా కూర్చుని డయల్ చెయ్యగలిగినవారికే. డ్యూటీలో ఉన్నవాళ్లూ, ఒంటరి ముసలివాళ్లూ మిగిలిపోతారు. ఖాళీలను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం విడతలుగా వదలాలి. సోమవారం ఒత్తిడి ఎక్కువ కాబట్టి ముందస్తు బుకింగులు ఆ రోజు తగ్గించాలి.

వరుస విషయంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. రోజుకు 30 మందిని చూసే క్లినిక్‌లో నిరీక్షణ పన్నెండు రోజులనుకుందాం. నెలలు గడిచినా అది పన్నెండు దగ్గరే నిలిస్తే, వరుసలో చేరేవాళ్లూ చూపించుకునేవాళ్లూ సమానమన్నమాట. డాక్టర్ల కొరత కన్నా 360 మంది పాత బకాయి అక్కడ అసలు సమస్య. రోజుకు ఆరుగురిని అదనంగా చూస్తే 60 పనిదినాల్లో అది తీరుతుంది. ఒక్క జాగ్రత్త: విసిగి ఎమర్జెన్సీకి వెళ్లిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు. వరుస తగ్గగానే వాళ్లూ తిరిగొస్తారు, వాళ్లకోసం రోజుకు కొన్ని ఖాళీలు శాశ్వతంగా పెంచాలి. తేదీ దూరమయ్యే కొద్దీ బుక్ చేసుకుని రానివాళ్లు ఎక్కువవుతారు కాబట్టి, నిరీక్షణ తగ్గితే వృథా అయ్యే ఖాళీల్లో కొన్ని అవే చేతికొస్తాయి.

బుకింగ్ కౌంటరులో కూర్చునేవారికి ఒక పేజీ చాలు. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఆగని రక్తస్రావం, మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం: వీటికి అపాయింట్‌మెంట్ ఇవ్వకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి పంపాలి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలే. కొత్త నొప్పి, కొత్త గడ్డ, బాగా పెరుగుతున్న ఆయాసం అంటే అదే రోజు నేరుగా చూపించాలి. ఫోన్ చేసే రోగి కూడా "ఒంట్లో బాలేదు" అని వదిలెయ్యకుండా ఎప్పటి నుంచి, ఎక్కడ, నిన్నటికన్నా ఎక్కువైందా, ఏ మందులు వాడుతున్నారు అన్న నాలుగూ చెబితే పని తేలికవుతుంది. ఫోన్‌లో మాట్లాడిన డాక్టరును, "ఏం జరిగితే, ఎన్ని గంటల్లో మళ్లీ రావాలి?" అని అడగకుండా ఫోన్ పెట్టెయ్యొద్దు.

ఆసుపత్రుల వైపు కూడా ఒక దిద్దుబాటు కావాలి. వార్డు రౌండు పదకొండు దాటాక మొదలై, డిశ్చార్జి కాగితాలూ మందులూ సాయంత్రానికి తయారైతే, ఎమర్జెన్సీ మధ్యాహ్నం నుంచే నిండిపోతుంది. ఇంటికి వెళ్లదగ్గ రోగిని ముందు రోజు సాయంత్రమే గుర్తించి, మందుల చీటీ ఆ రాత్రే రాసిపెట్టి, రౌండులో మొదట అతన్నే చూడాలి.

చివరగా, ప్రతి క్లినిక్కూ వారానికోసారి ఒక అంకె బోర్డు మీద రాయాలని కోరుతున్నాం: ఈరోజు అడిగితే నేరుగా కలిసే మూడో ఖాళీ ఎన్ని రోజుల తర్వాత ఉంది? మొదటి ఖాళీ ఎవరో రద్దు చేసుకోవడం వల్ల రేపే ఉండొచ్చు, అది చూపించి అంతా బాగుందనడం తేలిక. మూడోది అంత సులువుగా అబద్ధమాడదు.

ఇట్లు,
అత్యవసర వైద్య విభాగంలో పనిచేస్తున్న కొందరు డాక్టర్లు, నర్సులు