సైకిల్ సీటుకూ కొలత ఉంది

సంపాదకుల వారికి, నమస్కారములు.

సైకిల్ తొక్కడం వల్ల ఒంటికి కలిగే మేలు గురించి గత ఆదివారం సంచికలో మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. మధుమేహం గురించి, మోకాళ్ల గురించి అందులో చెప్పినవాటితో నాకు పేచీ లేదు. కానీ చివర్లో ఒకే ఒక్క వాక్యంలో, సీటు నొప్పి పెడితే మెత్తటి జెల్ సీటు వేయించుకుంటే సరిపోతుందని తేల్చేయడం చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అదే సలహాను నమ్మి ఎనిమిది నెలలు అవస్థపడినవాణ్ణి నేను.

అధ్యాపకుడిగా పదవీ విరమణ చేశాక, నిరుడు దసరాకు ఒక గేర్ల సైకిల్ కొనుక్కున్నాను. తెల్లవారుజామున సత్యనారాయణపురంలో బయలుదేరి, ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం దాకా వెళ్లి రావడం నా దినచర్య. నాలుగో రోజుకే, బ్యారేజీ సగం దాటేసరికి కూర్చోలేక పెడళ్ల మీద లేచి నిలబడవలసి వచ్చింది. కొన్న దుకాణంలో అడిగితే "కొత్తలో అంతే సార్, అలవాటైపోద్ది" అన్నారు. పది రోజులాగి మళ్లీ వెళ్తే జెల్ కవరు తొడిగారు. అది పక్కకు జారిపోతోందంటే దాన్ని తీసేసి, దిండులాంటి వెడల్పాటి సీటు బిగించారు. బొటనవేలితో నొక్కి చూసినప్పుడు ఎంతో హాయిగా తోచిన ఆ సీటు మీద అరగంట తొక్కాక నొప్పి తగ్గలేదు సరికదా, కొత్తగా తిమ్మిరి మొదలైంది. ఆ తిమ్మిరి ఏ చోటనో చెప్పుకోవడానికి బిడియపడే నాలాంటివారు చాలామంది సైకిల్‌ను మూలన పడేసి ఊరుకుంటారని నా అనుమానం.

కారణం మా పాత విద్యార్థి, ఇప్పుడు ఫిజియోథెరపీ చేస్తున్న అబ్బాయి చెబితే తెలిసింది. సైకిల్ మీద మన బరువును మోయవలసినవి పిరుదుల అడుగున రెండు పక్కలా ఉండే ఎముకల కొసలు. సీటు వాటి దూరం కన్నా ఇరుకైతే ఎముకలు అంచు దాటి వేలాడతాయి, బరువంతా నడుమనున్న మెత్తటి భాగం మీద పడుతుంది. ముఖ్యమైన నరాలూ రక్తనాళాలూ వెళ్లే చోటు అది. మరీ మెత్తటి సీటుతోనూ జరిగేది ఇంతే. బూరుగుదూది దిండులో రెండు పిడికిళ్లు దిగేలా నొక్కి చూడండి, నడుమ దూది పైకి ఉబుకుతుంది. ఎముకలు దిగబడిన జెల్ సీటు కూడా అలాగే ఉబికి, ఒత్తకూడని చోటే ఒత్తుతుంది. అమెరికాలో సైకిళ్ల మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు, ముందుకు పొడుచుకొచ్చే సన్నటి కొస, అంటే ముక్కు, లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు పరిశీలించిన అధ్యయనం 2008లో వెలువడింది. మొదట్లో తిమ్మిరి లేదన్నవారు నూటికి 27 మంది కాగా, చివరకు 82 మంది అయ్యారు. మనమందరం ముక్కు లేని సీట్లు వెతుక్కోవాలని కాదు, ఒత్తిడి ఎక్కడ పడుతోందన్నదే అసలు విషయమని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఎముకల దూరాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఫ్రిజ్‌తో వచ్చిన అట్టపెట్టెలోంచి, లోపల అలలు అలలుగా ఉండే అట్టను ఒక ముక్క కోసి, గట్టి స్టూలు మీద పరిచి, మునివేళ్ల మీద కాళ్లు ఆనించి, కాస్త ముందుకు వంగి ఒక నిమిషం కూర్చోవాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు పడి ఉంటాయి. వాటి నడిమధ్యల దూరం నాకు 12 సెంటీమీటర్లు వచ్చింది. సీటు అంచులు కిందికి వాలి ఉంటాయి కనుక దానికి సుమారు రెండు సెంటీమీటర్లు కలుపుకోవాలి, నిటారుగా కూర్చుని తొక్కేవారు ఇంకొంచెం ఎక్కువ. నా సైకిల్‌తో వచ్చిన సీటు వెడల్పు మొత్తం కలిపి 13 సెంటీమీటర్లే. దిండు సీటేమో 20 దాటి, తొడల లోపలి వైపు ఒరుసుకునేది. ఇప్పుడు నేను వాడుతున్నది చేత్తో నొక్కితే గట్టిగా తగిలే 14.5 సెంటీమీటర్ల సీటు.

ఆ గుంటలను చూడగానే నాకు మా నాన్నగారి సైకిల్ గుర్తుకొచ్చింది. స్ప్రింగుల మీద బిగించిన ఆ తోలు సీటు మీద ఎన్నేళ్లుగానో నిగనిగలాడే రెండు పల్లాలు ఉండేవి. అవేమిటో అరవై దాటాక అట్టముక్కను చూస్తే గానీ నాకు బోధపడలేదు. పాత సైకిళ్లకు హ్యాండిల్ ఎత్తుగా ఉండి, మనిషి నిటారుగా కూర్చునేవాడు కనుక బరువంతా సీటు మీదే పడేది, వెడల్పు సీటూ స్ప్రింగులూ అందుకే పెట్టారు. ముందుకు వంగి తొక్కే గేర్ల సైకిల్‌కు అదే సీటు పనికిరాదు. అన్నట్టు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1866లో మొదలైన బ్రూక్స్ కంపెనీ తోలు సీట్లు ఈనాటికీ దొరుకుతున్నాయి. గుర్రం చచ్చిపోతే సైకిల్ ఎక్కిన యజమానికి సీటు గుచ్చుకుని, తానే మంచిది చేయాలని పూనుకున్నాడని ఆ కంపెనీవారు చెప్పుకుంటారు. అయితే తోలు మన శరీరాకృతికి సర్దుకోవడానికి చాలా రోజులు పడుతుంది, వానకు తడవనివ్వకూడదు.

సరైన సీటు దొరికినా బిగింపు కుదరకపోతే ఫలితం ఉండదు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే మోకాలు దాదాపు తిన్నగా సాగేటంత ఎత్తు ఉండాలి. అంతకు మించితే నడుము అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. సీటు ముక్కు పైకి లేస్తే ఒత్తుతుంది, కిందికి వాలితే మనిషి జారి బరువు అరచేతుల మీద పడుతుంది. పక్కింటి కట్టుబడి దగ్గర మేస్త్రీని రసమట్టం అడిగి సీటు మీద పెట్టి చూసుకున్నాను. ఆయన నవ్వాడు గానీ, తేడా వేలెడంత ఉంది. పానాతో క్లాంపు నట్టు వదులు చేసి సరిచేయడానికి అయిదు నిమిషాలు పట్టింది.

మన నగరంలోని సైకిల్ దుకాణాల వారికి నా విన్నపం ఒక్కటే. వేలకు వేలు పోసి సైకిల్ కొనేవారి కోసం ఒక స్టూలు, ఒక అట్టముక్క, ఒక టేపు ఉంచండి. మూడు వెడల్పుల సీట్లు తెప్పించి, వారం రోజులు తొక్కి చూసి మార్చుకునే వీలు కల్పించండి. పెద్దవారికీ పిల్లలకీ, ఆడవారికీ మగవారికీ ఒకే సీటు బిగించి పంపడం ఎలాంటిదంటే, చెప్పుల దుకాణంలో అందరికీ ఎనిమిదో నంబరు జోడే ఇవ్వడం లాంటిది. ఆటోనగర్‌లో లారీలకూ బస్సులకూ కొలత ప్రకారం సీట్లు కుట్టే పనివారు ఉన్నారు, వారితో మాట్లాడుకున్నా సైకిళ్లకు నాలుగు రకాలు తయారుకావా?

మీ వ్యాసకర్త గారు రెండో భాగం రాసేటట్లయితే అట్టముక్క సంగతి దయచేసి చేర్చవలసిందిగా కోరుతున్నాను. నా జెల్ కవరు ప్రస్తుతం మా వంటింటి స్టూలుకు తొడిగి ఉంది. కూరలు తరిగే పది నిమిషాలకు అది బాగానే పనికొస్తోందని మా ఇంట్లోవారి అభిప్రాయం.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.