కలప బిల్లులో కొలత, తేమ, పుట్టిన చోటు రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు, డబ్ల్యూపీసీ (కలప పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) గుమ్మాలు వచ్చి కలప గిరాకీని మింగేశాయని కలప అడితుల్లో అందరూ అంటున్నారు. పన్ను భారమని ఇంకో మాట. దుంగకైనా, కోసిన సైజు కర్రకైనా జీఎస్టీ 18 శాతం ఉన్న మాట నిజమే గానీ, యూపీవీసీ కిటికీకీ అదే 18 శాతం. జనం అటు పోవడానికి అసలు కారణం వేరు. ఆ కిటికీ కొన్నవారికి రకం, కొలత, గ్యారంటీ రాసిన కాగితం చేతికొస్తుంది. టేకు గుమ్మం కొన్నవారికి దొరికేది ‘టేకు, ఇన్ని సీఎఫ్‌టీ, ఇంత రేటు’ అన్న ఒక్క వరుస చీటీ (సీఎఫ్‌టీ అంటే ఘనపు అడుగు). ఏ టేకో, ఏ కొలతో అందులో ఉండదు.

కొలతనే తీసుకోండి. ఏడడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గుమ్మానికి 5 బై 3 అంగుళాల సైజు కావాలి. రెండు నిలువులు, పై కమ్మీ, గడప కలిపి 22 అడుగుల పొడవు. అయిదును మూడుతో, దాన్ని 22తో గుణించి 144తో భాగిస్తే 2.29 సీఎఫ్‌టీ. చిత్రిక పడితే వెడల్పులోనూ మందంలోనూ రెండేసి నూలు, అంటే పావు అంగుళం చొప్పున తగ్గి 2 సీఎఫ్‌టీ మిగులుతుంది. ఆ తరుగు తప్పనిది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ రంపం దగ్గరే పావు అంగుళం తక్కువగా 4.75 బై 2.75 కోసి, బిల్లులో 5 బై 3 అని రాస్తే? చిత్రిక తర్వాత 4.5 బై 2.5 మిగులుతుంది, అంటే 1.72 సీఎఫ్‌టీ. డబ్బు మాత్రం 2.29కి కట్టించుకుంటారు. అందుకే బిల్లులో ‘కోత సైజు’, ‘చిత్రిక పట్టాక సైజు’ అని రెండూ విడివిడిగా ఉండాలి.

రైతు దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. దుంగను కొలిచేది హాపస్ లెక్కలో: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణించి 144తో భాగిస్తారు. 36 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కలో 4.5 సీఎఫ్‌టీ. దానిలో నిజంగా ఉన్న కర్ర 5.73. హాపస్ లెక్క పుట్టిందే కోతలో పోయే అంచులకు వదిలేయడానికి. అలాంటప్పుడు బెరడు తరుగు, తెల్లచెక్క (బెరడు కింది లేత కర్ర) తరుగు అని మళ్లీ రెండుసార్లు తగ్గించడం ఎంతవరకు న్యాయం? బెరడు అరంగుళం మందం ఉందని 36ను 33 చేస్తే 4.5 కాస్తా 3.78కి దిగుతుంది. టేకు పెంచిన రైతు తోటను గుత్తకు ఇవ్వకుండా, కొట్టాక దుంగలకు నంబరు వేయించి, తన టేపుతో మధ్యభాగం చుట్టుకొలత రాసుకోవాలి. తరుగు ఎంతన్నది చెట్టు కొట్టకముందే ఒప్పంద కాగితంలో ఉండాలి.

ఇక సరుకు ఎక్కడిదన్న సంగతి. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ టేకు దుంగల ఎగుమతిని ఆపేసింది. ఘనా, ఈక్వెడార్, కోస్టారికా, పనామా వంటి దేశాల తోటల టేకు కంటైనర్లలో వస్తోంది. అది చెడ్డ కర్రేమీ కాదు. చిన్న వయసులో కొట్టినది కాబట్టి చేవ (మధ్యలోని ముదురు కర్ర) తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. ఆ తెల్లచెక్కకే పురుగు పట్టి పొడి రాలుతుంది, చెదలూ దానికే ముందు తగులుకుంటాయి. రంగు నూనె పూసి చేవతో కలిపేస్తే కొన్నప్పుడు తెలియదు. చూడాలంటే పక్కలు కాదు, కోసిన చివర చూడాలి. రంగు పైపైనే ఉంటుంది, అంగుళం కోస్తే బయటపడుతుంది. మహారాష్ట్రలోని బల్లార్షా టేకుకు మంచి పేరుంది, అయోధ్య రామాలయం తలుపులకూ అదే వాడారు. ఆ పేరు చెప్పి తోటల టేకు అమ్మితే రేపు అసలు బల్లార్షా సరుకునూ ఎవరూ నమ్మరు.

అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది తేమ వల్ల. కర్రలో తేమ 30 శాతం కిందికి వచ్చాకే కుదింపు మొదలవుతుంది. 25 శాతం తేమతో బిగించిన అయిదంగుళాల టేకు ముక్క, మన ఎండలకు 12కు దిగేసరికి అడ్డంగా సుమారు ఒక నూలు కుదించుకుపోతుంది. అతుకులు విడిపోతాయి, తలుపు రెక్క మెలి తిరుగుతుంది, నింద మేస్త్రి మీద పడుతుంది. తేమ మీటరు సూదులు పైపొరనే చూస్తాయి. పైన ఆరి లోపల పచ్చిగా ఉన్న కర్రకు మంచి అంకె చూపిస్తాయి. చివర నుంచి అడుగు లోపల కోసి, ఆ కోత మధ్యలో సూదులు గుచ్చి చూడాలి. అనుమానముంటే చిన్న ముక్కను తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. 120 గ్రాములది 100కు దిగితే తేమ 20 శాతం. అడితిలో సైజులను ఒకదానిమీదొకటి దొంతర వేయకుండా, మధ్యలో అంగుళం బద్దలు రెండడుగులకొకటి పెట్టి, నీడలో గాలి తగిలేలా పేర్చాలి. చివరలకు మైనం గానీ పెయింటు గానీ పూయకపోతే బీటలు అక్కడే మొదలవుతాయి. ఇందుకు నెలల తరబడి సరుకు నిలవ ఉంచాలి, పెట్టుబడి ఇరుక్కుంటుంది. ఆ ఖర్చుతో ఆరబెట్టిన కర్రకు ఎక్కువ రేటు అడిగే హక్కు వ్యాపారికి ఉంది, కానీ తేమ అంకె బిల్లు మీద వేయకుండా పచ్చికర్ర రేటుతో తేడా ఎలా చూపిస్తాడు?

మేస్త్రికిచ్చే కమీషన్ గురించీ చెప్పాలి. అది ఎక్కడినుంచో రాదు, రేటులోనే కలుస్తుంది. సరుకు ఎంచిపెట్టినందుకు మేస్త్రికి కూలీ ఇవ్వడం సబబే, ఆ కూలీని ఇంటివారే నేరుగా ఇస్తే ఆయన ఇంటివారి వైపు నిలబడి ఎంచుతాడు.

2009 నాటి తూనికలు కొలతల చట్టం 11వ సెక్షన్ ప్రకారం బిల్లులు, ధరల పట్టికలు ప్రామాణిక కొలతల్లోనే ఉండాలి, అంటే కలపకు ఘనపు మీటర్లలో. ఆ శాఖ అధికారులు అడితుల బిల్లు పుస్తకాలు తెరిచి చూడాలి.  రవాణా అనుమతి పత్రం అవసరమైన కలప దాంతోనే అడితికి వస్తుంది కాబట్టి, ఆ నంబరును అమ్మకం బిల్లులో వేయడానికి అదనపు ఖర్చేమీ లేదు; దిగుమతి సరుకైతే దేశం పేరు వేయవచ్చు. అటవీ శాఖ డిపోల వేలంలో లాటువారీగా రకం, పొడవు, చుట్టుకొలత చూసుకునే వ్యాపారులు పాట పాడతారు. అవే వివరాలను తమ దగ్గర కొనేవారికీ రాసి ఇమ్మని అడితుల సంఘాలు సభ్యులకు చెప్పాలి.

ఇట్లు,
కలప వ్యాపారంలో ఉన్న ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం