వానలకు ముందే న్యూట్రల్ జాయింట్లు బిగించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల ఒక సాయంత్రం గాలివాన మొదలైన కాసేపటికే మా ఇంట్లో బల్బులు కళ్లు చెదిరేలా వెలిగాయి, ఫ్యాన్లు హోరెత్తాయి. నేను పరుగెత్తి మెయిన్ ఆఫ్ చేసేలోపే హాల్లో కాలిన వాసన. రెండేళ్లు డబ్బు కూడబెట్టి కొన్న హోం థియేటర్‌లో ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ రెండూ పోయాయి, టీవీ కూడా పోయింది. మా అమ్మ రోజూ పొద్దున్నే సుప్రభాతం వినేది ఆ హోం థియేటర్‌లోనే. అదే సమయంలో పక్కింట్లో మాత్రం లైట్లు దీపంలా మినుకుమినుకుమన్నాయట.

ఒకే వీధిలో ఈ తేడా ఏమిటని అడిగితే, స్తంభం మీద న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఊడిందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. వీధిలోని ఇళ్లను మూడు ఫేజులకు పంచుతారు, ఆ మూడింటికీ కలిపి న్యూట్రల్ తీగ ఒక్కటే. అది తెగితే ఏసీలు, గీజర్లు నడుస్తున్న ఫేజులో ఓల్టేజీ పడిపోతుంది, వాడకం తక్కువున్న ఫేజులో పెరిగిపోతుంది. 230 రావలసిన చోట 300 దాటి, ఒక్కోసారి 400 దగ్గరికీ వెళుతుంది.

స్పైక్ బోర్డు ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. అది పిడుగుపాటు లాంటి వాటివల్ల కనురెప్ప పాటు కూడా ఉండని పోటును ఆపడానికే. నిమిషాల తరబడి హై ఓల్టేజీ వస్తే ముందు అదే కాలుతుంది, మాదీ నల్లగా మాడిపోయింది. ఇప్పటి టీవీలు చాలావరకు 100 ఓల్టులు వచ్చినా పనిచేస్తాయి కాబట్టి వాటికి లో ఓల్టేజీతో పెద్ద ప్రమాదం లేదు, ముప్పంతా హై ఓల్టేజీతోనే. అందుకే స్టెబిలైజర్ కొనేటప్పుడు, ఓల్టేజీ పెరిగితే దానంతటదే కట్ చేస్తుందా అని తప్పకుండా అడగండి. నేను మీటరు తర్వాత అలాంటి ప్రొటెక్టర్ ఒకటి పెట్టించాను. ఉరుములు మొదలయ్యేలోపే ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా పీకేయాలి, పిడుగు పోటు ఆ దారిలోనూ వస్తుంది.

ఇదంతా మా వంతు, చేసుకుంటాం. కానీ స్తంభం మీది తీగను మేం బిగించలేం కదా! చేత్తో చుట్టి వదిలేసిన అల్యూమినియం జాయింటు లోడుకు వేడెక్కుతూ చల్లారుతూ వదులవుతుంది, గాలికి ఊడుతుంది. మన జిల్లాకు మే, జూన్‌లలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి ఉరుముల వానలు తప్పవు. ఆ రెండు సార్లూ ముందుగానే ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ జాయింట్లు, ఎర్తింగ్ చూడాలి. ఏ ఫేజు మీద ఎన్ని ఇళ్లున్నాయో లెక్క చూసి లోడు సర్దాలి.

ఓల్టేజీ తేడా వస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవాలని తోటి వినియోగదారులను కోరుతున్నాను. ఓల్టేజీ ఫిర్యాదును గడువులోగా పరిష్కరించకపోతే పరిహారం ఇవ్వాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఉంది. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ఆ రాత్రి వానలోనే స్తంభమెక్కి తీగ కలిపి వెళ్లిన లైన్‌మన్‌ను నేను తప్పుపట్టను, ప్రాణాలకు తెగించి చేశాడు. అయితే ఆయన అప్పటికప్పుడు చుట్టిన ఆ చుట్టు ఈ రోజుకీ అలాగే ఉంది. ఈశాన్య వానలు మొదలయ్యేలోపు అక్కడ సరైన క్లాంపు వేయించమని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
ముత్యాలరెడ్డిపల్లె, తిరుపతి