బాతులు ఎగిరితేనే ఫొటోనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వేసిన పెద్ద ఫొటో గురించి ఈ ఉత్తరం. వందల బాతులు నీళ్ల మీద నుంచి ఒక్కసారిగా లేచిపోతున్నాయి, కింద ‘పక్షుల సందడే సందడి’ అని రాశారు. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ పదేళ్లుగా నీళ్ల ఒడ్డున కెమెరా పట్టుకుని కూర్చునేవాణ్ని కాబట్టి అది చూడగానే నాకు వచ్చిన మొదటి అనుమానం, వీటిని ఎవరు బెదరగొట్టారా అని. గద్ద వచ్చి ఉండొచ్చు, కుక్క దిగి ఉండొచ్చు, ఫొటో తీసినాయన తప్పేమీ లేకపోవచ్చు కూడా. అయితే పత్రికల్లో ఎప్పుడూ ఇలాంటివే పెద్దగా పడుతుంటే కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్లు ఏం నేర్చుకుంటున్నారో నేను ఒడ్డున కూర్చుని కళ్లారా చూస్తున్నాను. చప్పట్లు, ఈలలు, ఒక్కోసారి మట్టిగడ్డలు.

నేనూ మొదటి ఏడాది చప్పట్లు కొట్టినవాణ్నే. నలభై ఫొటోలు తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే నలభైలోనూ తోకలే! బెదిరిన పక్షి మనకు వీపు చూపించి పోతుంది గానీ మొహం చూపిస్తుందా? ఎగిరే బాతు కావాలంటే దానికి వేరే దారి ఉంది. బాతులు లేచేటప్పుడూ దిగేటప్పుడూ మామూలుగా గాలికి ఎదురుగా వెళ్తాయి కాబట్టి, గాలి మన వీపుకు తగిలేలా చూసుకుని కూర్చుంటే చాలు, దిగే బాతులు మన వైపే మొహం పెట్టి, కాళ్లు ముందుకు చాచి, నీళ్లను చీల్చుకుంటూ వస్తాయి. మనం చేయాల్సిందల్లా కదలకుండా ఉండడం, అదే కష్టం అనుకోండి.

కూర్చోవడం అన్నాను గానీ నిజానికి పడుకోవాలి. నిలబడి తీస్తే బాతు వెనక నీళ్లు తప్ప ఏమీ ఉండవు, పరుపు మీద పారేసిన బొమ్మలా కనిపిస్తుంది. లెన్స్‌ను నీటి మట్టానికి జానెడు ఎత్తులోకి దించితే వెనక ఒడ్డు ఎక్కడో దూరంగా మసకబారిపోతుంది, బాతు కన్ను మన కన్నుకు సమానంగా వస్తుంది. చొక్కా మాత్రం బురదే.

అలా పడుకున్న ఒక తెల్లవారుజామున ఏడెనిమిది బాతులు ఒడ్డు వారగా వరసగా నిద్రపోతూ కనిపించాయి, అన్నీ ముక్కులు వీపు ఈకల్లో దూర్చేసుకుని. చివర ఉన్నది మాత్రం ఒక కన్ను మూసి, నా వైపున్న కన్ను తెరిచే ఉంచింది. మల్లార్డ్ బాతుల మీద చేసిన పరిశోధన ఒకటి 1999లో వచ్చింది. గుంపు అంచున ఉన్నవి మెదడులో సగం నిద్రపోతూ సగం మేలుకుని, బయటి వైపు కన్నుతో కాపలా కాస్తాయని అందులో తేలింది. ఆ రోజు ఆ కాపలా నా మీదే. కెమెరా ఎత్తినప్పుడల్లా మెడ నిటారుగా పెట్టేది, దించితే సర్దుకునేది. మెడ లేచిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని అర్థం, ఇంకో అడుగు వేస్తే గుంపంతా లేస్తుంది. నేను ఆగిపోయాను. అరగంటకి ఆ కన్ను కూడా మూతపడింది.

ఎండ పడ్డాక అవే నీళ్లలోకి దిగి స్నానం మొదలుపెట్టాయి. ఇక్కడ ఒక గుర్తు ఉంది, తెలిస్తే వదులుకోరు. బాతు నాలుగైదుసార్లు తల ముంచి నీళ్లు వీపు మీదికి చిమ్ముకుంటుంది, అవి తామరాకు మీద నీటిబొట్టుల్లా జారిపోతాయి, తర్వాత చాలాసార్లు ఛాతీ పైకెత్తి నీళ్లలో నిలబడినట్టుగా లేచి రెండు రెక్కలూ విప్పి టపటపా కొడుతుంది. షట్టర్ వేగాన్ని సెకనులో 1/1600 వంతు దగ్గర పెట్టుకుని ఆ క్షణానికి సిద్ధంగా ఉంటే ప్రతి చుక్కా విడివిడిగా గాల్లో ఆగిపోతుంది. ఎవర్నీ తరమక్కర్లేదు, రెక్కలు పూర్తిగా విప్పుకున్న బాతు మీ ఎదురుగానే ఉంటుంది.

ఇంకో మాట మీ ప్రింటింగ్ వాళ్ల కోసం కూడా. నల్లటి నీళ్ల మీద తెల్ల బాతు ఉంటే కెమెరా ఆ నలుపుని చూసి మోసపోయి వెలుతురు పెంచేస్తుంది, బాతు సున్నం ముద్దలా తయారవుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకూ, అంటే వెలుతురు సగమయ్యేదాకా, తగ్గించుకుంటే ఈకల గీతలు నిలుస్తాయి. లేకపోతే పత్రికలో ఆ చోట సిరానే పడదు, ఉత్త కాగితం కనిపిస్తుంది. మొన్నటి ఫొటోలో కుడివైపు మూడు బాతులకు జరిగింది అదే. ఆకుపచ్చగా మెరిసే మగ మల్లార్డ్ తలది ఇంకో తమాషా. ఆ ఈకల్లో అసలు ఆకుపచ్చ రంగు పదార్థమే లేదు, ఈక నిర్మాణం మీద వెలుగు పడే తీరు వల్ల అలా కనిపిస్తుంది, అందుకే తల కాస్త తిప్పితే ఊదాగానో నల్లగానో మారిపోతుంది. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని అది తల తిప్పేదాకా ఆగాలి. మళ్లీ ఆగడమే!

బెదరగొట్టడం గురించి ఇంత గొడవ చేయడానికి అసలు కారణం ఒకటుంది. సంతానోత్పత్తి కాలం అయ్యాక బాతులు చాలావరకు ఎగిరే ఈకలన్నీ ఒకేసారి రాల్చేసుకుంటాయి, కొత్తవి వచ్చే మూడు నాలుగు వారాలు ఎగరలేవు. మగవాటి రంగులు కూడా వెలిసిపోయి ఆడవాటిలాగే ఉంటాయి. అలాంటి గుంపు మీద మట్టిగడ్డ వేస్తే అవి లేవవు, నీళ్ల మీద పడుతూ లేస్తూ పరిగెడతాయి. ఒకసారి చూశాను, గడ్డ వేసిన కుర్రాడు ‘ఇవి ఎగరవేంటి అంకుల్’ అని నన్నే అడిగాడు. చెప్పాను. పాపం, కెమెరా సంచిలో పెట్టేశాడు.

గుంపుగా లేచే బాతుల ఫొటోలు ఇకపై వేయొద్దని నేను అనడం లేదు. వేసేముందు అవి ఎలా లేచాయో తీసినవారిని అడిగి, ఆ సంగతి ఫొటో కింద ఒక్క లైనులో రాయండి. మొన్నటి ఫొటో తీసినాయన్ని కూడా, వీలైతే, నా తరఫున ఒకటి అడగండి. అవి లేవకముందు తీసినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే వచ్చే ఆదివారం వాటిలో ఒకటి వేయండి, చూడాలని ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు