ఆ పాటకు డబ్బు ఎవరిస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

నియంతల దేశాల్లో కచేరీలు చేసే గాయకులను తప్పుపట్టకూడదంటూ పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. సంగీతానికి ఎల్లలు లేవు, కళాకారుడి పని పాడటమే, మిగతాది రాజకీయ నాయకులు చూసుకుంటారు అని ఆ వ్యాసకర్త తేల్చేశారు. నాలుగు రోజుల తర్వాత కూడా ఆ మాటలు మింగుడుపడటం లేదు.

ఎల్లలు లేనిది ఎవరికి? దక్షిణాఫ్రికా నల్లజాతి గాయని మిరియం మకేబాకు ఉన్నాయి. 1960లో తల్లి అంత్యక్రియలకు వెళ్ళాలనుకుంటే దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆమె పాస్‌పోర్టు రద్దు చేసింది. 1963లో ఆమె ఐక్యరాజ్యసమితి ముందుకు వెళ్ళి వర్ణవివక్ష గురించి సాక్ష్యం చెప్పారు. ఆమె రికార్డులను సొంత దేశంలోనే నిషేధించారు. మళ్ళీ ఆ గడ్డ మీద కాలు పెట్టింది 1990లో. ఆమెకు మూసిన తలుపులే విదేశీ స్టార్లకు మాత్రం బార్లా తెరుచుకున్నాయి. వాళ్ళు వెళ్ళారు, పాడారు, డబ్బు తీసుకుని వచ్చేశారు.

సన్ సిటీ సంగతి ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. ఈ విషయం మీద రాసేవాళ్ళు దాన్ని ఎలా వదిలేస్తారో నాకు అర్థం కాదు. నల్లజాతి వాళ్ళ పౌరసత్వం లాగేసుకోవడానికి దక్షిణాఫ్రికా ప్రభుత్వం కొన్ని ప్రాంతాలను విడదీసి 'స్వతంత్ర దేశాలు' అని పేరు పెట్టింది. 1977లో అలా పుట్టిందే బోఫుత్సవానా. దక్షిణాఫ్రికా తప్ప ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. అక్కడ కాసినోలతో, పెద్ద హాలుతో వెలిసిన విలాసాల రిసార్టు సన్ సిటీ. 1981లో అమెరికా గాయకుడు ఫ్రాంక్ సినాత్రా, 1984లో బ్రిటన్ రాక్ బృందం క్వీన్ అక్కడ పాడారు. 'ఇది దక్షిణాఫ్రికా కాదు, ఇక్కడ తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పక్కపక్కనే కూర్చుంటున్నారు' అనేది అక్కడికి వెళ్ళినవాళ్ళ వాదన. ఆ వాదనను జనం నమ్మాలనే కదా ఆ ప్రభుత్వం బోఫుత్సవానాను సృష్టించింది! అక్కడ పాడిన ప్రతి పెద్ద గాయకుడూ ఆ బూటకపు దేశానికి తన పేరుతో గుర్తింపు ఇచ్చి వచ్చినట్టే.

తెలియక వెళ్ళారనడానికీ లేదు. దక్షిణాఫ్రికాతో సాంస్కృతిక సంబంధాలు తెంచుకోమని ఐక్యరాజ్యసమితి 1968లోనే కోరింది, 1980లో మరింత గట్టిగా చెప్పింది. 1983 నుంచి అక్కడ ప్రదర్శనలిచ్చిన వాళ్ళ పేర్లతో జాబితాలు కూడా వేసింది. మళ్ళీ వెళ్ళనని మాట ఇస్తే పేరు తీసేసేవాళ్ళు. ఇంతకన్నా మర్యాదైన శిక్ష ఎక్కడైనా ఉంటుందా? బ్రిటన్‌లో సంగీతకారుల యూనియన్ క్వీన్ బృందానికి జరిమానా వేసింది. మన దేశం 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం మానేసింది. 1974లో టెన్నిస్‌లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరాక కూడా ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అని ఆడకుండా కప్పునే వదులుకుంది. ఆ త్యాగం ఈ తరానికి ఎవరు చెప్తున్నారు? అలాంటి దేశంలోని పత్రిక 'కళాకారుడికి ఇవన్నీ ఎందుకు' అని రాస్తే బాధ కలగదా?

'మాకు తెలియదు' అనే సాకు తర్వాత కూడా పోలేదు. లిబియా నియంత గడాఫీ కుటుంబం ఇచ్చిన పార్టీల్లో మరయా కేరీ, బియాన్సే, నెల్లీ ఫుర్టాడో పాడారు. 2011లో లిబియా జనం తిరగబడి, ఆ పార్టీల సంగతి ప్రపంచమంతా మాట్లాడుకోవడం మొదలయ్యాకే ఒకరు ఎవరి కోసం పాడుతున్నానో తెలియలేదన్నారు, ఒకరు ఎప్పుడో విరాళం ఇచ్చేశామన్నారు, ఇంకొకరు తీసుకున్న పది లక్షల డాలర్లు విరాళంగా ఇచ్చేస్తామన్నారు. 2013లో తుర్క్‌మెనిస్తాన్ అధ్యక్షుడి ముందు జెన్నిఫర్ లోపెజ్ పుట్టినరోజు పాట పాడినప్పుడూ అదే సమాధానం. హోటల్ గది నుంచి వేదిక మీద లైట్ల దాకా కాంట్రాక్టులో రాయించుకునే వాళ్ళకు, డబ్బిచ్చేది ఎవరో కనుక్కోవడం అంత కష్టమా?

నిజంగా కష్టమైన పరిస్థితి ఎలా ఉంటుందో ఉక్రెయిన్ నగరం ఖేర్సన్‌లో యూరీ కెర్పటెంకో చూపించాడు. 2022లో రష్యా సైన్యం ఆ నగరాన్ని ఆక్రమించుకుని, అంతా మామూలుగా ఉందని చూపించడానికి ఒక కచేరీ పెట్టాలనుకుంది. అక్కడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరైన కెర్పటెంకో చేయనన్నాడు. ఇంట్లోనే కాల్చి చంపారని ఉక్రెయిన్ సాంస్కృతిక శాఖ ప్రకటించింది. ఆయనకు విమానం లేదు, మేనేజర్ లేడు, పారిపోయే దారి లేదు. అయినా కాదన్నాడు. అన్ని దారులూ ఉన్న వాళ్ళు మాత్రం 'మేమేం చేయగలం' అంటున్నారు.

స్పెయిన్ చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ పేరైనా ఆ వ్యాసకర్త తలుచుకోవాల్సింది. స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో గెలిచాక ఆయన ఫ్రాన్స్‌లోని ప్రాద్ అనే చిన్న ఊళ్ళో ఉండిపోయారు. హిట్లర్ జర్మనీలో వాయించనన్నారు. యుద్ధం తర్వాత మిత్రదేశాలు ఫ్రాంకోను అలాగే కొనసాగనివ్వడం చూసి, ఏళ్ళ తరబడి బయట కచేరీలే మానుకున్నారు. అంత గొప్ప చెల్లో విద్వాంసుడు వాయించాల్సిన వయసులో వాయించకుండా ఉండటమంటే మాటలా? 1973లో కన్నుమూశారు, ఫ్రాంకో పోవడానికి రెండేళ్ళ ముందు. సొంత దేశంలో మళ్ళీ చెల్లో పట్టుకోలేకపోయారు.

అలాగని వెళ్ళిన ప్రతివాళ్ళనీ ఒకే గాటన కట్టమని నేననను. అమెరికా గాయకుడు పాల్ సైమన్ 1985లో జోహన్నెస్‌బర్గ్ వెళ్ళి నల్లజాతి సంగీతకారులతో కలిసి రికార్డింగ్ చేశాడు. ప్రభుత్వం కోసం పాడలేదు, సన్ సిటీకి వెళ్ళలేదు. తోటివాళ్ళకు మంచి డబ్బిచ్చాడు, పాటల్లో వాటా ఇచ్చాడు. కానీ వర్ణవివక్ష మీద పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌ను అడగలేదు. పోరాడుతున్నవాళ్ళు ఒక గీత గీసినప్పుడు, దాటే ముందు వాళ్ళను అడగడం కనీస మర్యాద. ఆ తప్పు ఆయనదే. అయినా తర్వాత ఆయనతో కలిసి ఊరూరా పాడింది ఎవరు? మకేబా, ట్రంపెట్ వాద్యకారుడు హ్యూ మసెకెలా, ఆ ప్రభుత్వం వల్లే ప్రవాసంలో బతికినవాళ్ళు. ఇక్కడ నా లెక్క ఒక్కటే. నోరు నొక్కబడిన సంగీతకారులు ఏమంటున్నారో వినాలి. రమ్మంటే వెళ్ళాలి, వద్దంటే ఆగాలి.

ఇంకో వైపు అతి కూడా చూశాం. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఒక ఆర్కెస్ట్రా రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ కార్యక్రమాన్ని పక్కన పెట్టింది. ఆయన చనిపోయింది 1893లో! బతికుండి, పుతిన్‌కు బాహాటంగా మద్దతిచ్చిన రష్యా కండక్టర్ గెర్గియెవ్‌ను మ్యూనిక్ ఆర్కెస్ట్రా వాళ్ళు తీసేశారంటే అందులో న్యాయం ఉంది. చచ్చిపోయినవాడి స్వరాలు ఎవరికి అపకారం చేస్తాయి? బహిష్కరణ జాతి మీద కాదు, అధికారానికి సేవ చేయడం మీద.

ప్రభుత్వాలు ఆ నియంతల నుంచే చమురు కొంటాయి, ఆయుధాలు అమ్ముతాయి, నీతి మాత్రం పాటగాళ్ళకే చెప్తాయి అని మీ వ్యాసకర్త అన్నది నిజమే. నాకూ ఒళ్ళు మండుతుంది. ఉదయం మానవ హక్కుల మీద ప్రకటన ఇచ్చి సాయంత్రం ఒప్పందం మీద సంతకం పెట్టే అధికారులను చూసి చూసి విసిగిపోయాం. అయితే మంత్రి సిగ్గు వదిలేశాడని గాయకుడూ వదిలేయాలా? ఇందులో పత్రికల పాపం కూడా ఉంది. టికెట్లు ఎంతసేపట్లో అయిపోయాయో, వేదిక మీద ఏం వేసుకున్నారో అర పేజీ రాస్తారు. నిర్వాహకులు పంపిన ప్రకటనను దించేసి వార్త అంటారు. ఆ కచేరీకి సొమ్మెవరిదని మీ విలేకరి ఒక్కసారైనా అడిగారా? ఒకప్పుడు సంగీతం గురించి రాసేవాళ్ళకు సంగీతమూ తెలిసేది, ప్రపంచమూ తెలిసేది.

ఇరాన్‌లో ర్యాపర్ తూమాజ్ సాలెహీకి 2024లో మరణశిక్ష వేశారు. పైకోర్టు కొట్టేసింది కాబట్టి బతికాడు. ఆయన చేసిన నేరం పాటలే. ఇకముందు అలాంటి దేశంలో ఏ పెద్ద స్టారైనా కచేరీ చేసిందని వార్త వేస్తే, ఆ రోజు అక్కడి జైళ్ళలో ఉన్న గాయకుల పేర్లు కూడా పక్కనే వేయండి. స్థలం చాలకపోతే ఫొటో సైజు తగ్గించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు