ఆ గడి ఎందుకు లేదు?

సంపాదకులకు,

ఫిజియోథెరపీలో చికిత్సను సూచించే సాఫ్ట్‌వేర్ అనగానే మా వృత్తిలో కొందరు ఉలిక్కిపడుతున్నారు. నాకు ఆ భయం లేదు. బ్రిటన్‌లోని కీల్ విశ్వవిద్యాలయం రూపొందించిన ‘స్టార్ట్ బ్యాక్’ ప్రశ్నావళి 9 ప్రశ్నలతో నడుమునొప్పి రోగులను 3 వర్గాలుగా విడదీస్తుంది. వాటిలో భయం, దిగులు గురించిన ప్రశ్నలూ ఉన్నాయి. రద్దీలో మేము అడగడం మరిచిపోయేవి సరిగ్గా అవే! మూత్రం అదుపు తప్పుతోందా, తొడల మధ్య తిమ్మిరి ఉందా అన్న ప్రశ్నలకు జవాబు ఇవ్వనిదే తర్వాతి పేజీ తెరుచుకోకపోతే ఇంకా మంచిది. అవి వెన్ను అడుగున నరాలు నలుగుతున్నాయనడానికి సూచనలు కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

నా అభ్యంతరం వేరు. ఇటీవల మోకాలినొప్పితో వచ్చిన ఒక పెద్దాయనను కుర్చీలోంచి 15 సార్లు లేచి కూర్చోమని సాఫ్ట్‌వేర్ సూచించింది. ఆరోసారికే ఆయన వేళ్లు కుర్చీ అంచును బిగించి పట్టుకున్నాయి. ఆ పట్టు కంప్యూటర్‌కు కనిపించదు కదా. నేను సంఖ్య తగ్గించాను. ‘సూచనను తిరస్కరించారు’ అని తెర మీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి తప్ప, కారణం రాయడానికి గడే లేదు. ముందు ఆ గడి పెట్టించండి. సూచనకు ఆధారమేమిటో, దాన్ని చివరిసారి ఎప్పుడు సవరించారో కూడా అక్కడే చూపించాలి.

- ఒక ఫిజియోథెరపిస్టు